సాయిప్రియ రెండు వేళ్లు

"ఎందుకండీ అలా అరుస్తారు? నేను మీ ఎదురుగానే ఉన్నాను కదా."

"అరుస్తలేను మేడం. మాట్లాడుతున్న."

"మాట్లాడటమంటే ఇదా?"

"సాంచెల్ల పన్జేసేటోల్లకు గిట్లనే వస్తది. దీని చేతులు జర చూస్తుండుండ్రి మేడం, ఇది..."

"ముందు మీరు మెల్లగా మాట్లాడటం నేర్చుకోండి. పిల్ల సంగతి నేను చూసుకుంటాను."

ఆ మాట అనేసి వీణ లోపలికి వెళ్లిపోయింది. టీచరుగా ఆమెకది మూడో రోజు. సూరత్‌లో ఉధనా స్టేషన్‌కి కాస్త ఇవతల, మామూలు బళ్లు చేర్చుకోని పిల్లల కోసం ఒక ట్రస్టు నడిపే చిన్న స్పెషల్ స్కూలు అది. నాన్న జనార్దన్ రైల్వే ఉద్యోగి, రైల్వే క్వార్టర్స్‌లోనే పెరిగింది, స్పెషల్ బీఎడ్ ఫస్ట్ క్లాసులో పాసయింది. మూడో రోజుకే తనకు అన్నీ తెలుసని అనుకోవడంలో పెద్ద తప్పేం లేదు లెండి.

ఎదుట నిలబడిపోయినవాడు సంపత్. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి వడోద్‌లో ఉంటూ సాంచెలు నడుపుతాడు, అంటే పవర్‌లూమ్ మగ్గాలు. రాత్రి షిఫ్టు దిగి, జుట్టు నిండా తెల్లటి నూగుతో, అన్న కూతురు సాయిప్రియను దింపడానికి వచ్చాడు. ఏడేళ్ల ఆ పిల్లకు మాట రాదు.

మర్నాటి నుంచి సంపత్ గుసగుసలు మొదలుపెట్టాడు. జులైలో ఒక పొద్దున, స్కూలు రేకుల మీద వాన దంచి కొడుతుంటే, గొడుగు కింద నిలబడి పెదాలు మాత్రం కదిపాడు.

"ఏమన్నారు?"

మళ్లీ పెదాలు కదిపాడు.

"వినపడట్లేదండీ సంపత్ గారూ."

"మెల్లగ మాట్లాడమన్నది మీరే గద మేడం."

వీణ నవ్వు ఆపుకోవడానికి రిజిస్టరు ముఖానికి అడ్డం పెట్టుకుంది. రిజిస్టరు మీంచి కళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. సంపత్ అవి చూసి, సగం తడిసిపోయి, ఆ రోజు వడోద్ దాకా నడిచే వెళ్లాడు.

ఇక సాయిప్రియ సంగతి. ఆ పిల్లకు ఒక అలవాటుంది. ఉన్నట్టుండి చెయ్యెత్తి రెండు వేళ్లను కత్తెరలా ఆడించేది. రోజుకు ముప్పై, నలభైసార్లు. ఇలాంటి పిల్లల్లో కొందరు చేతులు ఊరికే ఆడిస్తారని వీణ పుస్తకంలో చదివింది. ఇది ఆ బాపతేననుకుంది. "చేతులు బల్ల మీద" అని నేర్పడం మొదలుపెట్టింది. వేళ్లు లేచినప్పుడల్లా మెల్లగా పట్టుకుని కిందికి దించేది. డిసెంబరుకు ఆ వేళ్లు లేవడం దాదాపు ఆగిపోయింది. ప్రిన్సిపాల్ భాగీరథీ బెన్ ఫైలు చూసి వీణ భుజం తట్టింది.

కానీ జనవరిలో సాయిప్రియ తన మణికట్టును తానే కొరుక్కోవడం మొదలుపెట్టింది.

"ఏప్రిల్‌లో ట్రస్టువాళ్లు కూర్చుంటారు" అంది భాగీరథీ బెన్. "అప్పటికీ ఇలాగే ఉంటే పిల్లను కింది గదికి పంపేస్తారు."

కింది గదిలో పాఠం ఉండదు. పిల్లలను సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపిస్తారు, అంతే.

ఇంట్లో ఈ పిల్ల ఎలా ఉంటుందో చూడాలనిపించింది వీణకు. ఏడు నెలల్లో ఆ కుతూహలం కలగడం అదే మొదటిసారి. ఒక మధ్యాహ్నం వడోద్ వెళ్లింది. సాయిప్రియ తల్లి లత ఛాయ్ ఇచ్చి, "మా మరిదిని అడుగుండ్రి మేడం, దానికి ఆయననే దోస్తు. ఇయ్యాల ఒక్కదినం పగటి షిఫ్టుకు పోయిండు, పక్కనే కార్ఖానా" అని దారి చూపించింది.

కార్ఖానా గుమ్మంలో వీణ రెండు చెవులూ మూసుకుంది. నలభై సాంచెలు ఒక్కసారే కొట్టుకుంటున్నాయి. ఆ మోతలో ఎవరూ నోరు తెరవడం లేదు. చివరి వరుసలో సంపత్ చెయ్యెత్తి రెండు వేళ్లను కత్తెరలా ఆడించాడు. అవతల ఇంకొకాయన అది చూసి సాంచె ఆపేశాడు.

వీణ అతణ్ని బయటికి పిలిచింది. "ఇందాక వేళ్లతో ఏం చెప్పారు?"

"పోగు తెగింది, ఆపు అని. ఆ మోతల్ల మాటెవనికి వినొస్తది? అన్నీ చేతులతోనే."

"ఇంట్లో కూడా ఇలాగే చేస్తారా?"

"అలవాటు మేడం. పిల్లగూడ మమ్ముల జూసి నేర్చింది. దానికేదన్న తట్టుకోరాకుంటే గట్లనే అంటది. ఆపుండ్రి అని."

వీణ మెట్టు మీద కూర్చుండిపోయింది. "ఆ వేళ్లు నేనే దించేశాను. ఆపమని చెప్తుంటే, చెప్పకుండా చేశాను. అందుకే చెయ్యి కొరుక్కుంటోంది."

సంపత్ ముఖం మారిపోయింది. "మొదటి దినమే చెప్పబోయిన. మీరు చెప్పనియ్యలే."

"తర్వాతైనా చెప్పాల్సింది."

"మీరు పెద్ద సదువు సదివినోల్లు. మల్ల చెప్తె మల్ల మెల్లగ మాట్లాడు అంటరనుకున్న." గొంతు తగ్గించి అన్నాడు. "నాది గూడ తప్పే. రోషానికి పోయి ఊకున్న. బిడ్డ నష్టపోయె."

ఆ తర్వాత రోజూ పొద్దున పది నిమిషాలు స్కూలు వరండాలో పాఠం నడిచింది. టీచరు సంపత్, స్టూడెంటు వీణ. నీళ్లు, ఆకలి, ఇంకొంచెం, ఇటు రా. వీణ ఒక్కొక్కటీ చేసి చూపించేది, అతను దిద్దేవాడు.

"బొటనవేలు లోపలికి మేడం. గట్లయితే నీళ్లు గాదు, నూనె తెమ్మన్నట్టు."

"మీరు కావాలనే కష్టమైనవి ఇస్తున్నారు."

"పెద్ద సదువుకు పెద్ద పరీక్ష."

సాయిప్రియ ఇద్దరి మధ్య నిలబడి ఒకసారి అతణ్నీ, ఒకసారి ఆమెనూ చూసేది. తన మాట టీచరు మాట్లాడుతోందని నమ్మడానికి ఆ పిల్లకు నెల పట్టింది. ఆ తర్వాత మణికట్టు కొరుక్కోవడం కూడా మానేసింది. మార్చిలో ఒకరోజు నీళ్లడిగింది. వీణ గ్లాసు ఇచ్చింది. తాగేసి మళ్లీ అడిగింది. అలా ఐదు గ్లాసులు తాగింది, దాహమేసి కాదు, అడిగితే వస్తున్నాయని.

ఏప్రిల్‌లో ట్రస్టు మీటింగ్. ఏడాది అనుభవం చెప్పమంటే వీణ లేచి నిలబడింది. "ఈ ఫైల్లో మంచి ఫలితమని నేను రాసిందంతా నా పొరపాటు" అని మొదలుపెట్టి, ఏదీ దాచకుండా చెప్పింది. వెనక కుర్చీలో సంపత్, అతని పక్కన సాయిప్రియ. అంతా అయ్యాక ఒక ట్రస్టీ పెద్దాయన గొంతు సవరించుకుని, క్రమశిక్షణ గురించి హిందీలో ఉపన్యాసం ఎత్తుకున్నాడు. పది నిమిషాలైనా వదల్లేదు.

సాయిప్రియ చెయ్యి లేచింది. రెండు వేళ్లు కత్తెరలా ఆడాయి.

"ఏమంటోంది?" అన్నాడాయన.

వీణ తటపటాయించింది. "మిమ్మల్ని... ఆపమంటోంది సర్."

పెద్దాయన పిల్ల వంక చూసి నోరు మూసుకున్నాడు. సాయిప్రియ చెయ్యి దించి, హాయిగా వెనక్కి ఆనుకుంది. ముందు నవ్వింది భాగీరథీ బెన్, తర్వాత ఆ పెద్దాయనే.

"ఇంత స్పష్టంగా నాకు మా ఇంట్లోవాళ్లు కూడా చెప్పలేదమ్మా" అంటూ కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు. పిల్ల వీణ క్లాసులోనే ఉంటుందని.

బయట ఎండ మండిపోతోంది. గేటు నీడలో సంపత్ చెప్పులతో నేల గీస్తూ నిలబడ్డాడు.

"జూన్ నుంచి నాకు పగటి షిఫ్టే మేడం. పిల్లను మా వదిన తోల్కొస్తది."

"అంటే మీరు రారా?"

"స్కూలుకు రాను. మీ ఇంటికి రావచ్చునా అని అడుగుదామనుకుంటున్న."

వీణ చున్నీ అంచు సర్దుకుంది. "మీ గురించి మా నాన్నని నిన్ననే అడిగాను. ఏం చేస్తాడు, ఎంతవరకు చదివాడు, ఏ ఊరు, ఎవరివాళ్లు, అన్నీ అడిగారు. అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు పేపర్ చదువుతున్నట్టు కూర్చున్నారు. చివరికి, ముందు మనిషిని చూడనీ, ఆదివారం టిఫిన్‌కి రమ్మను అన్నారు."

"మీ నాయిన మాట చెప్పిండ్రు. మీ మాట చెప్పలే."

"మీరు అడగలేదుగా."

"ఇప్పుడు అడుగుతున్న. నేనంటె ఇష్టమేనా?"

"ఇష్టమే" అంది వీణ, అతని కళ్లలోకి చూస్తూ. "మా అమ్మ పెసరట్లు వేస్తుంది. నాలుగన్నా తినకపోతే ఊరుకోదు."

"ఆరు తింట" అన్నాడు సంపత్.