పెళ్ళి కొవ్వొత్తులు, పొయ్యి కట్టెలు

"పెద్దలు శిలువను ముద్దు పెట్టుకుని రాజుకి ప్రమాణం చేసేలోపు నగారా మోగాలిరా. లేదంటే నీ తమ్ముళ్ళు మళ్ళీ జమీందారు పొలంలో వెట్టివాళ్ళే," అన్నాడు ముసలి కల్నల్ సవ్కా.

మిషన్ అంతే. చేపలమ్మేవాడి వేషంలో బయల్దేరాడు హార్దీయ్.

పోలెండు రాజు దూత ఒప్పందం తెచ్చాడు. రాజు జాబితాకెక్కిన కొద్దిమందే ఇకమీదట కొసాక్కులు, అంటే స్వేచ్ఛగా బతికే సిపాయిలు; మిగతావాళ్ళు వెట్టికే. నాయకుణ్ణీ రాజే ఒప్పుకోవాలట! మా పెద్దలు కొందరు అప్పటికే అమ్ముడుపోయారు. నగారా మోగిందంటే ప్రతి కొసాక్కూ వచ్చి నోరు విప్పొచ్చు, అందరూ చేరందే ఏ ప్రమాణమూ చెల్లదు. అందుకే నగారా కర్రలు మాయమయ్యాయి.

వాటిని తెస్తానంది సారాకొట్టు మెలాన్యా. సవ్కా నమ్మిన ఏజెంటు. కిందటి శీతాకాలం హార్దీయ్ గాయానికి కట్టు కట్టిన మనిషి. పెళ్ళికని అతను కొనిచ్చిన ఎర్ర బూట్లు వేసుకునే వచ్చింది.

"చేపల్లో ఉప్పెక్కువా?" కోడ్ అడిగింది.

"తినేవాడికి దాహమెక్కువ."

"ఇంద, నా రాజా. పరిగెత్తు!" గుడ్డమూట చేతిలో పెట్టింది.

నగారా దగ్గర మూట విప్పాడు. రెండు కొవ్వొత్తులు. పెళ్ళిలో చేత పట్టుకునేవి.

తలెత్తితే ఎదుటి అరుగు మీద, దూత పక్కన మెలాన్యా.

"ఎందుకే?"

"నీకంటే ముందు రాజు అడిగాడు, హార్దీయ్."

"ఎప్పట్నుంచి?"

"నీ కట్టు కట్టక ముందునుంచే."

దూత పకపకా నవ్వాడు. పెద్దల్లో మొదటివాడు శిలువ మీదికి వంగాడు.

పక్కనే గంజి ఉడుకుతోంది. హార్దీయ్ పొయ్యిలోంచి రెండు కట్టెలు లాగాడు, నిప్పుతో సహా. మావాళ్ళకిదేం కొత్త? నగారావాడు తాగి పడుకున్నప్పుడల్లా కట్టెలతోనే నగారా వాయించినవాళ్ళే. పోలెండు రాజధాని వార్సాలో పెరిగిన మెలాన్యాకి అదెలా తెలుస్తుంది! కర్రలు దాచింది, కట్టెలు వదిలేసింది.

ధాం! ధాం!

సగం గీసిన గడ్డాలతోనే గుడారాల్లోంచి ఉరికొచ్చారు కొసాక్కులు.

"ఎవడ్రా అది, చేపలోడా నగారా కొట్టేది?"

"రండ్రా, మిమ్మల్ని అమ్మేస్తున్నారు!"

పెదవికీ శిలువకీ మధ్య బెత్తెడు దూరం. పెద్దమనిషి చటుక్కున నిటారుగా నిలబడ్డాడు, నడుం పట్టేసినట్టు.

ఆ గోలలో దూత బండి వెళ్ళిపోయింది, మెలాన్యాతో సహా.

"నగారా తోలు కాల్చేశావు కదరా," సణిగాడు సవ్కా. తోలు తడిమి చూస్తూ, "బూట్లు కూడా పట్టుకుపోయిందా?"

"వేసుకునే పోయింది, బాబాయ్."

"సరిపోయాయా?"

"చక్కగా," అన్నాడు హార్దీయ్, అరచేతి బొబ్బలు ఊదుకుంటూ. "కొలత నేనే తీశాగా."