విప్పని కవరు

మా వీధి మలుపులో ఉన్న ఒక రచయిత ఇంటి ముందు చీకటి పడ్డాక కుక్క కూడా ఆగదు. ఆయన పోయి ఏళ్లు గడిచినా లోపల ఎవరో కుర్చీ జరుపుతారు… నిట్టూరుస్తారు. అద్దెకు దిగినవాళ్లు సామాను సగం వదిలేసి పారిపోయారు.

అలాంటి ఇంట్లోకి మా బావ రాత్రిపూట ఒంటరిగా వెళ్లాడు. ఎందుకనుకున్నారు — ఉత్తరాల కోసం! రచయితలు ఒకరికొకరు చేత్తో రాసుకున్న ఉత్తరాలు పోగెయ్యడం ఆయనకి పిచ్చి. మా అక్క పుట్టినరోజు మర్చిపోతాడు గానీ, ఏ కవి ఏ రంగు సిరా వాడేవాడో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. తెల్లారితే ఆ ఇల్లు కూలగొట్టేస్తారు, అటక మీద ఇంకేమైనా ఉత్తరాలు మిగిలాయేమోనని ఆయన ఆశ.

బావ జేబులో ఎప్పుడూ ఒక కవరుంటుంది. ఈ రచయితకి ఆయన ప్రాణస్నేహితుడు రాసింది. రచయిత పోయిన రోజే వచ్చింది, ఎవరూ విప్పలేదు. తర్వాత ఆ స్నేహితుడూ పోయాడు. ఉత్తరాలు దాచుకునేవాళ్లకి విప్పని కవరంటే వజ్రం. చింపితే చిత్తుకాగితం.

"లోపల ఏముందో చూడాలనిపించదా బావా?" అంటే, నేనేదో బూతు మాట్లాడినట్టు చూస్తాడు.

సరే, అటక మీద చెయ్యి పెట్టాడో లేదో — వెనక కుర్చీ జరిగింది.

"నా ఉత్తరం తెచ్చావా?"

బావ టార్చి తిప్పాడు. కుర్చీలో రచయిత… ఆయన ఒంట్లోంచి కుర్చీ కనబడుతోంది!

"నా నవల వాడికి పంపాను. ఎలా ఉందో రాస్తానన్నాడు. అప్పట్నుంచీ ఎదురుచూస్తున్నా నాయనా… విప్పు."

"వి… విప్పకూడదండీ. విలువ పోతుంది."

పై ప్రాణాలు పైనే పోతున్నా ఆ మాటే అన్నాడట! ఏం మనిషో!

తలుపు దానంతటదే మూసుకుంది. "ఇంటికెళ్లి ఆవిరి పట్టించి మెల్లగా ఊడదీస్తానండీ, చిరక్కుండా వస్తుంది" అని బేరమాడాడు బావ. దెయ్యం భయపెట్టలేదు. మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. బావకి గుండె తరుక్కుపోయింది. కళ్లు గట్టిగా మూసుకుని… కవరు చింపేశాడు.

టార్చి వెలుగులో పైకి చదివాడు. "మిత్రమా, నీ నవల అందింది. మొదటి పేజీ చదివాను. అద్భుతం! మిగతాది చదివి రాస్తాను."

"అద్భుతమన్నాడు… విన్నావా, అద్భుతమన్నాడు!" అంటూ రచయిత మెల్లగా పల్చబడిపోతున్నాడు. తలుపు తెరుచుకుంది. బావ ఒక కాలు గడప బయట పెట్టాడు.

అప్పుడు… వంటగది చీకట్లో ఎవరో ఇబ్బందిగా దగ్గారు.

"ఒరేయ్… మిగతాది కూడా చదివాన్రా. కాస్త కూర్చో."