ఎడమ చేతివైపు గది

పత్రికలవాళ్ళు ముద్దుగా ‘పిడుగు’ అని పిలిచే ఆ అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని చేతిలో కాగితం నలుపుతోంది. అయిదువేల మీటర్ల పందెంలో అందర్నీ వెనక్కి నెట్టే మనిషి ఈవిడేనంటే టైపిస్టుకి నమ్మబుద్ధి కాలేదు.

“ఎల్లుండే విచారణ మేడమ్. ఓడిపోతే రెండేళ్ళ నిషేధం. నాకిప్పుడు ముప్ఫై రెండు. ఇంక నా పరుగు అయిపోయినట్టే.”

“కంగారుపడకుండా మొదట్నించీ చెప్పు” అంది అంపైరమ్మ.

ఆవిడ ఇరవై ఏళ్ళు వాలీబాల్ కోర్టు పక్కన ఎత్తు కుర్చీలో కూర్చుని తీర్పులు చెప్పి, తర్వాత ఈ డిటెక్టివ్ ఆఫీసు పెట్టింది. అప్పటికి ఓ లాయరు దగ్గర టైపు కొట్టుకుంటున్న మన టైపిస్టు, ఆవిడ ఒక కేసు తేల్చిన తీరు చూసి ముక్కున వేలేసుకుని, ఆ వారమే ఉద్యోగం మానేసి ఆవిడ దగ్గర చేరిపోయాడు.

పిడుగు చెప్పుకొచ్చింది. పెద్ద పోటీల్లో పరుగెత్తేవాళ్ళు రోజూ ఒక గంట ఎక్కడ ఉంటారో ముందుగానే ఫోన్‌లో నమోదు చెయ్యాలి. ఆ గంటలో డోపింగ్ పరీక్షవాళ్ళు చెప్పాపెట్టకుండా వస్తారు. ఏడాదిలో మూడుసార్లు మనిషి దొరక్కపోతే నిషేధమే. మొదటి రెండుసార్లూ తప్పు ఆమెదే. ఓసారి బస్సు దారిలో ఆగిపోయింది, ఓసారి ఊరెళ్తూ మార్చడం మరిచిపోయింది. సిగ్గేసి ఆ సంగతి కోచ్‌కీ, బావకీ తప్ప ఎవరికీ చెప్పలేదు.

“మూడోసారి మాత్రం నేను ఇంట్లోనే ఉన్నాను మేడమ్! రోజూ పెట్టేది పొద్దున్న ఆరు నుంచి ఏడు, ఇంటి దగ్గర. వాళ్ళేమో అయిదింటికి స్టేడియానికి వెళ్ళారట. ముందురోజు సాయంత్రం నాలుగుంబావుకి నా ఫోన్‌లోంచే ఎవరో మార్చేశారు. నేను కాదంటే నమ్మేదెవరు?”

“ఆ ఒక్కరోజుకేనా?”

“మూడు రోజులకి.”

“నాలుగుంబావుకి నువ్వెక్కడున్నావు?”

“ఐసు నీళ్ళ తొట్టిలో. మోకాలు వాచి మెట్లు దిగలేకపోయాను. మా నొప్పులు చూసే ఫిజియో అన్నయ్య విటమిన్ సూది వేశాడు, మర్నాటికి నొప్పి మాయం. ఫోన్ బయట బల్లమీదుంది. కోచ్ సార్, బావ, ఫిజియో అన్నయ్య ముగ్గురూ అక్కడే ఉన్నారు. పాస్‌వర్డంటారా, నా బెస్ట్ టైమింగే.”

“అంటే పేపర్లో అచ్చేయించావన్నమాట” అంది అంపైరమ్మ. పిడుగు ఆ కంగారులోనూ నవ్వింది.

నలిగిన కాగితం పరీక్షవాళ్ళ రిపోర్టు. ‘భవనానికి ఎడమ చేతివైపు గదిలో ఉంటానని నమోదు చేశారు. గేటులోంచి వెళ్ళి ఎడమవైపు చూస్తే హర్డిల్స్ పెట్టే గది, దానికి తాళం. క్రీడాకారుల గది కుడివైపు ఉందని వాచ్‌మన్ చూపించాడు. అక్కడ గంటసేపు ఆగాం. ఆమె రాలేదు.’

“హడావిడిలో కుడీ ఎడమా తారుమారైనట్టుంది” అన్నాడు టైపిస్టు.

“అయ్యుండొచ్చు” అంది అంపైరమ్మ. కానీ కాగితం తిరిగి ఇవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే స్టేడియానికి వెళ్ళారు. కోచ్ ముందే కస్సుమన్నాడు. “నేనింకో అమ్మాయికి శిక్షణ ఇస్తున్నాననేగా మీ అనుమానం? పదేళ్ళు నిలబెట్టినదాన్ని నా చేత్తో పడగొడతానా?”

పిడుగు వ్యవహారాలన్నీ చూసే బావ తల దించుకున్నాడు. “మరదలు పరుగు మానేసి స్థిమితపడితే బావుణ్ణని అన్నాను. ఇంట్లో అందరి ముందే అన్నాను. అంతకుమించి నాకేం తెలీదండీ.”

ఫిజియో మాత్రం మెత్తటి మనిషి. టైపిస్టు గదిలో అడుగుపెట్టగానే “మీ ఎడమ భుజం కిందికి జారింది సార్” అని నూనె రాసి మరీ సరిచేశాడు. చేతులెక్కడ కడుక్కోవాలని అడిగితే, “ఎదురుగా బీరువా ఉందా? దానికి ఎడమపక్క తలుపు” అన్నాడు. టైపిస్టు ఎడమకి వెళ్ళి గోడకి ముక్కు గుద్దుకున్నాడు. తలుపు కుడిపక్కన ఉంది. అంపైరమ్మ మందహాసం చేస్తే, తన ముక్కును చూసేననుకుని అతను చిన్నబుచ్చుకున్నాడు.

మర్నాడు ఉదయం అందర్నీ క్రీడాకారుల గదిలో కూర్చోబెట్టింది అంపైరమ్మ.

“ఈమెను ముంచాలనుకున్నవాడు మూడు రోజులతో ఎందుకు ఆగుతాడు? పరీక్షవాళ్ళు ఎప్పుడొస్తారో ఎవరికీ తెలీదు కదా, నెలంతా మార్చేవాడు. ఇతనికి కావలసింది వేరు. ఆ మూడు రోజులూ ఈమె రక్తం ఎవరి చేతికీ చిక్కకూడదు. ఆ సాయంత్రం ఈమె ఒంట్లోకి వెళ్ళింది ఒక్కటే, సూది.”

ఫిజియో మొహం పాలిపోయింది.

“మనం గేటులోంచి వస్తూ ఈ గది కుడివైపు ఉందంటాం. ఫిజియో అలా అనడు. ఎదుటి మనిషి కుడి ఎడమలే అతనికి లెక్క, తనవి కావు. లేకపోతే మంచి మోకాలికి కట్టు కడతాడు. ఏళ్ళ తరబడి అదే అలవాటు. నిన్న బీరువాకీ ఎడమ చెయ్యుందన్నాడు, పాపం మా టైపిస్టు ముక్కు సాక్షి. నమోదులో రాసినట్టే, గేటుకేసి చూస్తున్న ఈ భవనానికి ఎడమ చేతివైపున్నది ఈ గదే.”

ఫిజియో రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. “అది విటమిన్ కాదు తల్లీ, నిషేధించిన మందే. నువ్వు నొప్పితో ఏడుస్తుంటే చూడలేక వేసేశాను. వేశాక భయం పట్టుకుంది. ఒక్కసారి దొరక్కపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. అప్పటికే రెండున్నాయని నాకు తెలీదు.”

“హమ్మయ్య! కేసు మనదే” అన్నాడు బావ.

“సగమే మనది” అంది అంపైరమ్మ. “ఒంట్లోకి ఏం వెళ్ళినా బాధ్యత క్రీడాకారిణిదే అంటాయి నిబంధనలు. సూది మాట ఎత్తితే ఇంకో విచారణ మొదలవుతుంది. అందులో ఏమవుతుందో నేను మాటివ్వలేను.”

“అయితే ఎత్తొద్దు” అన్నాడు కోచ్. “ఫోన్‌లో ఏదో చూడబోయి పొరపాటున మార్చాడని చెబుదాం. సూది సంగతి ఈ గదిలో ఉన్న ఆరుగురికీ తప్ప ఎవరికి తెలుసు?”

ఫిజియో ఆశగా తలెత్తాడు. బావ మరదలి వైపు చూశాడు. టైపిస్టుకి ఈ అమ్మాయి సరేనంటే తప్పు పట్టడం తన వల్ల కాదనిపించింది.

పిడుగు తన మోకాలి వైపు చూసుకుంది. కళ్ళు తుడుచుకుని లేచింది.

“నా పేరుమీద ఎవరో అబద్ధం రాశారనే కదా సార్, మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. ఇప్పుడు ఇంకోటి నేనే రాయించనా?”

ఆమె కుర్చీ లాక్కుని, టైపు మిషను వెంట తెచ్చుకున్న టైపిస్టు ఎదురుగా కూర్చుంది.

“కొట్టండి బాబాయ్. సూది దగ్గర్నించి మొదలుపెట్టండి.”