పులికాట్‌లో కాలర్ మైక్

"సాయంత్రం దాకా ఆమె బతకాలి, హరినాథ్," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్. "నువ్వు మాత్రం ఎవరి కంటా పడకూడదు."

ఆమె పేరు రెబెక్కమ్మ. హిందూ మహాసముద్రంలోని మరోనా దీవి నాయకురాలు. ఆ దీవిని ఏలుతున్న యూరప్ రాజ్యం అక్కడ రేడియో, ఇంటర్నెట్ మూసేసింది. అందుకే ఆమె తన తాతలు ఓడెక్కిన పులికాట్ సరస్సుకు వచ్చింది. సరస్సు మధ్య దిబ్బ మీది పాత తుఫాను షెల్టర్ నుంచి, శాటిలైట్ లైవ్‌లో స్వాతంత్ర్య ప్రకటన చేయబోతోంది. ఆమెను చంపడానికి ఆ రాజ్యపు రహస్య ముఠా 'నార్త్ డెస్క్' దిగింది.

షెల్టర్‌లో మన ఏజెంట్ వెన్నెల ఉంది, టీవీ ప్రొడ్యూసర్ వేషంలో. ఖరీదైన చీర, నల్ల కళ్లద్దాలు. ఆమెకు కూడా తెలియకుండా చీఫ్ కెమెరా స్టాండులో మాటలు వినే ఒక బగ్ పెట్టించాడు.

రొయ్యల బేరగాడి వేషంలో హరినాథ్ జాలరి ముత్యాలయ్య పడవలో కూర్చుని ఇయర్‌పీస్‌లో వింటున్నాడు. ఉన్నట్టుండి వెన్నెల గొంతు, శాటిలైట్ ఫోన్‌లో ఎవరితోనో:

"ఆమెకు కాలర్ మైక్ పెట్టేశాను. దూరం వెళ్లి లిప్‌స్టిక్ అడుగు నొక్కుతాను. మైక్ పేలుతుంది."

చీఫ్‌కు చెప్పాలని హరినాథ్ ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. ఇయర్‌పీస్ వినడానికే పనికొస్తుంది.

"ముత్యాలయ్యన్నా, దిబ్బకు పోనీ. తొందరగా."

ముత్యాలయ్య గడ వేశాడు. పడవ కదల్లేదు. "ఎండలకి నీళ్లు దిగిపోయినాయి అబ్బయా. అడుగు తగిలేసినాది."

హరినాథ్ దూకాడు. మోకాళ్లదాకా బురద. ఒక కాలు పీకితే రెండోది దిగబడుతోంది. కేక వేశాడు. ఎదురుగాలి ఆ కేకను వెనక్కి కొట్టేసింది. చెవిలో రెబెక్కమ్మ ప్రసంగం మొదలైంది.

"మనుషుల్లేని దీవిలో అడవి కొట్టి ఊళ్లు కట్టింది మా తాతలు. మేం మొదట స్వాతంత్ర్యం అడగలా. మా ఊళ్లో ఒక జడ్జి కావాలన్నాం. పొలం గట్టు తగాదాకైనా సముద్రం దాటి పోవాల్సిందే అన్నారు. వాన నీళ్ల తొట్టికి పన్నేసినారు. ఆ పన్నేసే సభలో మాకూ ఒక కుర్చీ వెయ్యండి అని అర్జీ పెట్టినాం. జవాబుగా సిపాయిలొచ్చినారు. మా ఇళ్లలోనే పండుకున్నారు, మా వంటే తిన్నారు. రేవులో దండాలు పెడతా నిలబడినోళ్లని కాల్చినారు. ఆ రోజు దాకా మేం వాళ్ల మనుషులమే అనుకున్నాం."

దిబ్బ ఇంకా దూరంగానే ఉంది. హరినాథ్ బురదలో చేతులు ఆనించి పాకుతున్నాడు. ఆమె మాట వింటున్నాడు. అది ఎక్కడ ఆగిపోతుందోనని వింటున్నాడు.

చెవిలో పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు. గుడ్డ చిరిగిన శబ్దం. "ఏందమ్మా ఇది?" అని రెబెక్కమ్మ.

షెల్టర్ కిటికీలోంచి నల్లటిదేదో ఎగిరి నీళ్లలో పడింది. మరుక్షణమే సరస్సు తాటిచెట్టంత లేచి విరిగిపడింది.

హరినాథ్ షెల్టర్ చేరేసరికి కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది. రెబెక్కమ్మ చివరి మాట చెబుతోంది: "ఈ పొద్దు నుంచి మరోనా ఎవురి కాలనీ కాదు."

వెన్నెల గోడకు ఆనుకుని కూర్చుంది. గాజు పెంకులు దిగిన చేతికి చీర కొంగు చుట్టుకుంది.

"ఎందుకు తిరిగొచ్చావు?" అడిగాడు హరినాథ్.

"ఆమె తీవ్రవాది అని చెప్పారు నాకు, నార్త్ డెస్క్ వాళ్లు. నొక్కే ముందు, ఒక్క అబద్ధమైనా చెబుతుందేమోనని విన్నాను. చెప్పలేదు. సముద్రం వైపు స్పీడ్‌బోట్‌లో కాచుకున్న వాళ్ల మనుషుల దగ్గరా ఒక మీట ఉంది; నేను నొక్కకపోతే వాళ్లు నొక్కుతారని తెలుసు, అందుకే వచ్చి మైక్ పీకి విసిరేశాను." ఆమె రెండు చేతులూ ముందుకు చాపింది. "బేడీలు వెయ్యి."

వెయ్యక తప్పలేదు. రక్తం కారుతున్న మణికట్టుకు ఇనుము తగలకుండా చూశాడు. అతను చేయగలిగింది అంతే.

షెల్టర్‌లోని శాటిలైట్ ఫోన్‌లో చీఫ్ దొరికాడు, జరిగిందంతా విన్నాడు. "శభాష్. ఈ వ్యవహారంలో మన ఏజెంట్ల ప్రమేయం ఏమీ లేదని ప్రెస్‌కు చెప్పేస్తున్నాం."

హరినాథ్ తన బురద కాళ్ల వైపు చూసుకున్నాడు. "నా వరకు అది నిజమే సార్."