దొంగపాట

గూడూరు నిమ్మకాయల మార్కెట్లో నేను కాటా వేస్తాను. అక్కడ వేలంపాటకు ఒక కట్టుబాటు ఉంది. ఎవడి పాట చివరిదో సరుకు వాడే ఎత్తుకోవాలి. ధర పెంచడానికి ఊరికే పాడినాను అంటే కుదరదు.

ఇది మా తమ్ముడు గిరిబాబుకు తెలియనిది కాదు. అయినా పక్కన కోట అనే ఊళ్లో చనిపోయిన విజయభాస్కర్ గారి పాత కంప్యూటర్ని ఆన్‌లైన్ వేలానికి పెట్టినాడు. దాని ముందు కూర్చుని ఉండగానే ఆయన ప్రాణం పోయింది. "అమ్మొద్దు నాయనా, కాలవలో పారెయ్యి" అని ఆయన భార్య దుర్గమ్మ చెప్పి మరీ ఇచ్చింది.

పాతసామాన్లవాడైతే దాన్ని ఇనుము కింద తూచేవాడు. ఆన్‌లైన్లో అలాంటిదే లక్షకు పోయిందని తమ్ముడు చూసినాడు. నలుగురు చూస్తే వస్తువుకు ధర ఉంటుంది. లోకమంతా చూస్తే ఇక ఆశే ఉంటుంది.

ఆ సాయంత్రం వాన. కరెంటు పోయింది. గదిలో తుప్పు వాసన, కాలిన వైరు వాసన. తమ్ముడు ఫోన్లో ఇంకో పేరుతో తన సరుకును తానే పాడుతున్నాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ప్రతిసారీ పైకి పాడుతున్నాడు.

"దొంగపాట పాపం రా. చాలించు."

"వీడెవడో పిచ్చోడు అన్నా. ఇంకొక్క పాట. నువ్వు జన్మంతా నిమ్మకాయలు తూచినా ఇంత రాదు."

పాడినాడు.

అవతల నుంచి పాట రాలేదు. గడువు అయిపోయింది.

"అన్నా... నేనే కొన్నట్టుందే."

"రద్దు చెయ్యి."

"చేస్తున్నా... కావడం లేదు."

మూలనున్న కంప్యూటర్ వెలిగింది. దానికి వైరు కూడా తగిలించలేదు... గోడంతా పచ్చటి వెలుగు. తమ్ముడు లేచినాడు. చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది. విదిలించుకున్నాడు. పోయి దాని ముందు కూర్చున్నాడు.

"గిరీ..."

తిరిగి చూడలేదు. వేళ్లు మీటల మీద పడినాయి... ఆగలేదు.

"ఎత్తుకోవాల కదన్నా," అని గొణిగినాడు. వాడి నోట మళ్లీ మాట రాలేదు.

తెల్లారి దాన్ని నేనే కాలవలో పారేసినాను. మొదటే చేయాల్సిన పని. ఆసుపత్రులు తిరిగినాము. మొక్కులు మొక్కినాము. ఏదీ పని చేయలేదు. ఇప్పుడు వాడు వట్టి మంచం పట్టె మీద టైపు కొడుతుంటాడు. నన్ను గుర్తుపట్టడు. అన్నం నేనే తినిపిస్తాను. పట్టె మీద వేళ్లు ఆడితే మీటల చప్పుడు వస్తుంది.

అదైనా ఓర్చుకుంటాను. వాడు ఆగితేనే నాకు భయం. ఆగగానే గోడ అవతల అదే చప్పుడు మొదలవుతుంది... ఎవరో జవాబు కొడుతున్నట్టు. ఆ పక్క రొయ్యల గుంట తప్ప ఏమీ లేదు.