ఎదిగే పిల్లాడి వాచీ

ఉదయం 6.40.

ఉదయగిరి కొండ కింద నిమ్మతోట. తోటలో దిగుడుబావి. బావి మెట్టు మీద పిల్లాడి వాచీ దొరికింది.

పిల్లాడు దొరకలేదు.

మల్లికార్జున, తొమ్మిదేళ్ళు. నిన్న సాయంత్రం నాలుగున్నరకు ఆడుకోవడానికి తోటలోకి వెళ్ళాడు. అంతే. ఫైరింజను వాళ్ళు పాతాళగరిగెలు వేసి బావంతా దేవుతున్నారు. ఒడ్డున కూర్చున్న తాత నారాయణయ్య రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మాజీ సర్పంచి. ఊళ్ళో ఆయన మాటకు ఎదురులేదు.

ఎస్.ఐ. అనుపమ వాచీ చేతిలోకి తీసుకుంది. ముళ్ళ వాచీ. స్టీలు చైను. లాక్ వేసే ఉంది.

“ఎవరు కొన్నారు?”

“నేనేనమ్మా. పోయిన నెల, ఆత్మకూరులో, రత్తయ్య అంగట్లో. వాడు లైటు ఎలిగేది కావాలన్నాడు. అవి నాలుగు నాళ్ళకే పోతాయిరా, గట్టిది కట్టుకో అని ఇది తీసిచ్చినాను.”

“సైజు?”

“పెద్దదే తీసినాను. ఎదిగే బిడ్డ గదా. మోచేతిదాకా జారేది. నీళ్ళలోకి వొంగినప్పుడు ఊడిపొయ్యుంటాది. దానికోసం దిగినాడు. నా చేతులతో నేనే చంపుకున్నాను తల్లీ!”

పెద్దాయన గుండె మీద కొట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

అనుపమ ఆ వాచీని తన మణికట్టుకు పెట్టి చూసింది. లాక్ పడలేదు. పిల్లాడి మోచేతిదాకా జారే చైను పెద్దవాళ్ళ చేతికి పట్టకపోవడమేమిటి?

“తల్లికి కబురు చేశారా?”

“వసంతకుమారికా? మావాడు పోయినంక ఆమెకు ఈ ఇంటితో పనేంది? ఆత్మకూరులో మిషను కుట్టుకుంటా ఉండాది.”

అనుపమ ఆమె నంబరుకు చేసింది. స్విచాఫ్.

9.15. ఆత్మకూరు.

రత్తయ్య కంటికి భూతద్దం తగిలించుకుని చైను తిప్పి తిప్పి చూశాడు.

“నేను అమ్మిందే మేడమ్. దీనికి నాలుగు లింకులు తీసింది గూడా నేనే.”

“ఎప్పుడు?”

“ఆదివారం, పదకొండు గంటలప్పుడు. ఆ పిలకాయ వారం వారం ఇక్కడ ట్యూషనుకు వస్తాడు గదా. వాళ్ళమ్మ ఎంటబెట్టుకొచ్చింది. చెయ్యి దించితే వాచీ ఊడిపోతా ఉండాది, బళ్ళో నవ్వతా ఉండారు అనింది.”

“తీశాక సరిపోయిందా?”

“అతికినట్టు సరిపొయ్యింది. లాక్ తియ్యకుండా లాగినా రాదు.”

“ఆ నాలుగు లింకులు?”

“పొట్లం కట్టిచ్చినాను. పెద్దోడైతే మళ్ళీ ఎయ్యాల గదా అని దాచుకునింది. పోతా పోతా ఏఎస్ పేట బస్సుల టైము అడిగింది.”

అనుపమ అప్పటికే జీపు వైపు నడుస్తోంది.

10.50. అనుమసముద్రంపేట, జనం నోట్లో ఏఎస్ పేట.

దర్గాకు వచ్చేపోయే జనంలో కొత్త ముఖాన్ని ఎవరూ పట్టించుకోరు. అద్దెగదులన్నీ వాకబు చేస్తే మూడో సందులో దొరికింది. వసంతకుమారి తలుపు తీసింది. వెనక చాప మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు మల్లికార్జున.

“మేడమ్, నా వాచీ తెచ్చినారా?”

అనుపమకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. పిల్లాణ్ణి కానిస్టేబుల్‌తో బయటికి పంపి తలుపు దగ్గరగా వేసింది.

“బావి దగ్గర వాచీ పెట్టింది నువ్వేగా?”

వసంతకుమారి తల దించుకుని ఇడ్లీ పళ్ళెం తీసి పక్కన పెట్టింది.

“అందరూ జారిపోయిందనుకున్నారు. నువ్వు బిగించాక అది జారదు. బావిలో పడేవాడు లాక్ తీసి, వాచీ విప్పి, మళ్ళీ లాక్ వేసి మెట్టు మీద పెట్టడు. అలా జాగ్రత్తగా పెట్టేది పెద్దవాళ్ళే. వదులుగా వదిలేసి ఉంటే నేనూ నమ్మేదాన్ని. బిడ్డను బళ్ళో నవ్వుతున్నారని ఓర్చుకోలేకపోయావు. అదే నిన్ను పట్టించింది.”

“చచ్చిపొయ్యినాడనుకుంటేగాని మా మామ వాణ్ణి వదలడు మేడమ్. ఆయన పోయినంక పది నెల్లు నా దగ్గరికి రానియ్యలేదు! ట్యూషను కాడ సందులో దొంగమాదిరి నిలబడి చూసుకున్నాను నా బిడ్డను.”

“అక్కడ ముసలాయన తనే చంపానని గుండెలు బాదుకుంటున్నాడు, తెలుసా? తండ్రి లేని బిడ్డకు తల్లే గార్డియన్. చట్టం నీవైపే ఉంది. ఇంత పని చేసేముందు స్టేషన్‌కు రావాలని తోచలేదా?”

వసంతకుమారి తలెత్తి చూసింది.

“వచ్చినాను మేడమ్. మూడు మాట్లు. మూడోమాటు కుర్చీలో మీరే ఉండారు. పెద్దాయన ఇంటి గొడవ, పెద్దమనుషుల్లో తేల్చుకో పో అన్నారు.”

అనుపమ ఆ రోజును గుర్తు చేసుకోవాలని చూసింది. గుర్తు రాలేదు. అలా పంపేసినవాళ్ళు ఒకరా, ఇద్దరా? తల కొట్టేసినట్టయింది.

సెల్ మోగింది. నారాయణయ్య.

“అమ్మా, ఏమన్నా తెలిసిందా?”

“బతికే ఉన్నాడు. బాగున్నాడు. మీ కోడలి దగ్గరున్నాడు.”

అవతల చాలాసేపు ఏడుపు తప్ప మరేమీ వినిపించలేదు. తర్వాత మాజీ సర్పంచికి గొంతు వచ్చింది.

“దాన్ని లోపలెయ్యండి. నా బిడ్డను జీపులో పంపించండి.”

అనుపమ వసంతకుమారి వైపు చూస్తూనే జవాబు చెప్పింది.

“ఆమె చేసినదానికి కేసు రాస్తాను నారాయణయ్య గారూ. బిడ్డను మాత్రం పంపను. చూడాలనిపిస్తే బస్సెక్కి రండి. బయల్దేరేముందు ఫోన్ చేసి మీ కోడల్ని అడగండి.”