ఒక మిషను, ఇద్దరు టైలర్లు

"నా మిషను మీద చెయ్యేసిందెవరు?"

ఆ అరుపుకి సోఫా వర్క్‌షాపులో మిషన్లన్నీ ఒక్క క్షణం ఆగాయి. మధ్యాహ్నం షిఫ్టుకి వచ్చిన ఆ అమ్మాయిని తోటి టైలర్లు కందిరీగ అంటారు. చేతిలో చురుకు, మాటలో కాటు.

స్టూలు మీంచి ఓ పొడుగాటి మనిషి తాపీగా లేచాడు. "నేనేనండీ."

"దారం బిగువు ఎందుకు మార్చారు?"

"తోలు కుట్టాలంటే మార్చాలి కదండీ."

"నేను కుట్టేది పల్చటి గుడ్డ. ఇంత బిగిస్తే ముడతలు పడి చస్తుంది!"

"మరి రేపు పొద్దున మళ్లీ నేను తోలు..."

"రేపటి ఏడుపు రేపు ఏడుద్దాం. ముందు జరగండి!"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా. అందుకే అతనికి నిదానం అని పేరు.

సోఫాలు కొనేవాళ్లు లేరని, మార్కెట్ పడిపోయిందని యజమాని సగం మిషన్లు అమ్మేశాడు. ఇప్పుడు ఒక్కో మిషనుకి ఇద్దరు. సగం పని, సగం జీతం. కందిరీగ ఇంటద్దె మాత్రం సగం కాలేదు. అమ్మ మందులు సగం కాలేదు, తమ్ముడి ఆకలి అసలే కాలేదు. మాంద్యమట! వచ్చిన ప్రతిసారీ దానికి కూలివాడి ఇంటి గుమ్మమే ఎలా దొరుకుతుందో!

కొన్నాళ్లకి ఓ మధ్యాహ్నం ఆమె అలవాటుగా ఓ గుడ్డముక్క మీద కుట్టి చూసుకుంది. కుట్టు గీత గీసినట్టు వచ్చింది. బిగువు ఆమెకి ఎంత కావాలో అంతే ఉంది. తలెత్తి చూస్తే గుమ్మం దగ్గర నిదానం. చూపులు కలిసేసరికి కుడి చెప్పు ఎడమ కాలికి తొడుక్కుని వెళ్లిపోయాడు.

సాయంత్రం దిగేముందు ఆమె కూడా బిగువు తోలుకి సరిపడా మార్చింది. 'పాపం, తోలు కదా' అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

అప్పట్నించి షిఫ్టు మారేవేళ కాస్త మాట, కాస్త టీ.

"షిఫ్టుకి ముందు టీ తాగితే నాకు చేతులు వణుకుతాయి," అందామె.

"నాకు మిమ్మల్ని టీకి పిలిస్తేనే వణుకుతున్నాయండీ."

ఆ రోజు ఆమె కుట్టు ఒక్కటీ తిన్నగా రాలేదు.

ఇంతలో మేనేజరు పొదుపు మొదలెట్టాడు. కుట్టి చూసుకునే ముక్కలు బంద్. ఆ తర్వాత దారం మార్చాడు, చవకది తెచ్చాడు. వారం తిరక్కుండా ఓ హోటలుకి వెళ్లిన సోఫాలు కుట్లు పిగిలి తిరిగొచ్చాయి. ఆ ఆర్డరంతా వాళ్లిద్దరి మిషను మీద కుట్టిందే.

మేనేజరు ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. "ఎవరి కుట్టో చెప్పండి. వాళ్లు ఇంటికి, రెండోవాళ్లు ఫుల్ షిఫ్టుకి."

"నాదే సార్," అన్నాడు నిదానం. జీవితంలో మొదటిసారి వెంటనే.

కందిరీగ గిర్రున తిరిగింది. "నీదా? గుడ్డ కుట్టింది నేనైతే, నీదెట్లా అవుతుంది?"

"మీ ఇంట్లో ముగ్గురు. నేనొక్కణ్ణే కదా..."

"అయితే? మా ఇంటి పొయ్యి నీ అబద్ధం మీద వెలగాలా?"

"'నువ్వు' అంటున్నారు..." అన్నాడతను ఆశ్చర్యంగా.

"అంటా! ఇంకోసారి త్యాగం అంటే అరేయ్ అని కూడా అంటా!"

ఆమె తిన్నగా వెళ్లి మేనేజరు కొత్త కుర్చీ వీపు పట్టుకుంది. పోయిన నెల పాత దారంతో ఆమే కుట్టిన గుడ్డ అది. రెండు చేతులా లాగింది. కుట్టు కదల్లేదు. తిరిగొచ్చిన కవరు తీసి లాగింది. పర్రున పిగిలింది.

"మిషను అదే, చేతులవే. మారింది మీ దారం. ముక్క మీద కుట్టి చూసుంటే ఆ రోజే తెలిసేది. ముక్కలకి లేని డబ్బు ఈ కుర్చీకి ఎక్కణ్ణించి వచ్చింది సార్?"

"గొంతు తగ్గించమ్మా. బయట వింటారు."

బయట అప్పటికే విన్నారు. అందరికంటే సీనియరైన పెద్దక్క ముందు పెడల్ మీంచి కాలు తీసింది. తర్వాత ఆమె పక్కావిడ. ఒక్కో మిషనూ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మేనేజరు కుర్చీ కిర్రుమనడం ఒక్కటే వినిపించింది.

"సరే, సరే. ఎవర్నీ తియ్యను. పాత దారమే తెప్పిస్తా. పని కానివ్వండి."

సాయంత్రం జల్లు పడుతోంది. గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిదానం.

"పెద్దక్కా మేమూ రేపు యజమాని దగ్గరికెళ్తున్నాం. ఫుల్ షిఫ్టులడగడానికి. వస్తావా?" అందామె.

"వస్తాను. ఆ తర్వాత మీ ఇంటికి రావచ్చా? మీ అమ్మగారిని అడగాలి."

"ఏమని?"

అతను ఆలోచించాడు. వాన పెరిగింది.

"త్వరగా చెప్పు, తడిసిపోతున్నా!"

"నిన్ను పెళ్లి చేసుకుంటానని."

"చేసుకునేది నన్నయితే మా అమ్మని అడుగుతావా? ముందు నన్నడుగు!"

"చేసుకుంటావా?"

ఆమె గొడుగు కిందికి జరిగింది. "ఒక్క షరతు. నాకోసం చెయ్యని తప్పు ఇంకెప్పుడూ ఒప్పుకోకు. నా పక్కన నిలబడి పోట్లాడు."

"నీతోనే పోట్లాట వస్తే?"

"అప్పుడు ఎదురుగా నిలబడు. ఎలాగూ ఓడిపోతావు."

ఈసారి నిదానం ఆలస్యం చెయ్యకుండా నవ్వాడు.